వర్మగారి హారన్ పీక

మా వీధిలోకి పొద్దున్నే చేపల ఆటో వస్తుంది. నేను పొయ్యి మీద పాలు కనిపెట్టుకుని నిలబడే వేళకి సరిగ్గా వీధి మలుపులో దాని మీద కట్టిన మైకు హారన్ మొదలవుతుంది. రికార్డు చేసి పెట్టిన గొంతు, మళ్ళీ మళ్ళీ అవే మాటలు. ఏవో వచ్చాయని తెలుస్తుంది. ఏమొచ్చాయో మాత్రం ఆటో గుమ్మం ముందు ఆగి, బుట్టలోకి తొంగిచూస్తే గానీ తెలియదు. వీధిలో వాళ్ళు విసుక్కుని కిటికీలు వేసుకుంటారు. నేను బాల్కనీలోంచి సగం బయటికి వంగి ఆ హారన్‌ని చూస్తాను. అదీ ముందు వైపు కాదు, వెనక వైపు, శబ్దం పుట్టించే యూనిట్‌ని మరలతో బిగించే సన్నటి చోటు. ఒకరోజు ఉండబట్టలేక "అదీ సంగతి, దీని పీక మరీ ఇరుకు" అని పైకే అనేశాను. పక్క వాటా ఆవిడ నేను డ్రైవర్ని అంటున్నాననుకుని, "పాపం, ఆయనేం చేశాడండీ!" అంది కంగారుగా.

హారన్‌కి పీక ఉంటుందనీ, మాట బతకడం చావడం అక్కడే తేలిపోతుందనీ నాకు నేర్పినాయన వర్మగారు. రాజమండ్రిలో తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషికి ఈ గోల ఎందుకని అడిగేవాళ్ళకి సమాధానం చెప్పాలంటే ఆయన కథంతా చెప్పాలి. ఆయన్ని ఎరగనివాళ్ళకి చెప్పడమంటే నాకు సరదా కూడా. ఎరిగినవాళ్ళైతే మధ్యలో అడ్డం పడి, వర్మగారు అలా అనలేదు, ఇలా అన్నారు అంటారు.

తొంభైల చివరి రోజులు. భీమవరం శివార్లలో వర్మగారికి రొయ్యల చెరువులుండేవి. రొయ్యకి తెగులు పట్టి, ఊళ్ళో అందరి చెరువుల్లాగే ఆయనవీ దెబ్బతిన్నాయి. అందరూ దిగాలుపడి కూర్చుంటే ఈయన మేత బస్తాల గోడౌను ఖాళీ చేయించి, అల్యూమినియం రేకు తెప్పించి, మైకు హారన్లు తయారుచేయడం మొదలుపెట్టారు. ఇంజనీరింగు చదివిన మనిషి, చిన్నప్పటినుంచి శబ్దం పిచ్చి. నెమ్మదస్తుడు అనుకునేరు, అదేం కాదు. గొప్పలు చెప్పుకోవడంలో ఆయన తర్వాతే ఎవరైనా. "జిల్లాలో మన హారన్ని మించి కూసేది ఉంటే తెచ్చి నా ముందు పెట్టండి" అని కాఫీ హోటల్లో కూర్చుని సవాలు విసిరేవారు. కోపం ముక్కు మీద, జాలి కళ్ళలో, ఎప్పుడూ ఏదో ఒక ప్రశ్న నాలిక మీద ఉండేవి.

నేను అప్పుడే తెలుగు ఎం.ఏ. పూర్తిచేసి, లెక్చరర్ ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. వర్మగారి షెడ్డులో మైకులో చదవడానికి తెలుగు బాగా వచ్చిన మనిషి కావాలన్నారంటే, ఇదేం ఉద్యోగం అని నవ్వుకుంటూనే వెళ్ళాను. ఆయన నా సర్టిఫికెట్ల వైపు చూడనైనా చూడలేదు.

"పద్మగారూ, 'క' అనేటప్పుడు ఊపిరి ఎక్కడ ఆగుతుందండీ?"

"కంఠంలోనండి. అందుకే కంఠ్యం అంటారు."

"మరి 'ప'?"

"పెదవుల దగ్గరండి. ఓష్ఠ్యం."

ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. పక్కనున్న హారన్ని ఎత్తి బల్లమీద పెట్టి, దాని వెడల్పాటి అంచు మీద చెయ్యి వేసి, "ఇవి దీని పెదవులు" అన్నారు. తర్వాత దాన్ని తిప్పి, వెనకనున్న సన్నటి రంధ్రంలో వేలు పెట్టి, "ఇది దీని కంఠం. మేం పీక అంటాం లెండి. లోకమంతా దీని నోరు చూసి కొంటుంది. నోరెంత పెద్దదైతే అంత గొప్ప అనుకుంటారు. అసలు పనంతా పీక దగ్గరే. రేపట్నించి వచ్చెయ్యండి" అన్నారు. ఉద్యోగం వచ్చినందుకు సంతోషించాలో, నేను చదివిన వ్యాకరణం రేకు గొట్టాల పాలైనందుకు ఏడవాలో ఆ రోజు నాకు తెలియలేదు.

మా పని ఇలా ఉండేది. నేను షెడ్డులో మైకు ముందు కూర్చుని ఒక్క అక్షరం తేడాతో ఉండే మాటలు చదివేదాన్ని. కుడి, గుడి. పాట, బాట. తడి, దడి. కంప, గంప. ఆయన చెరువుగట్టు చివర, ఎండలో గొడుగేసుకుని నిలబడి, తనకి ఏది వినబడితే అది తిరిగి కేకేసేవారు. ఒకసారి నేను 'గంప' అన్నప్పుడల్లా ఆయన 'కంప' అని అరుస్తుంటే, అటుగా పోతున్న రైతు ఒకాయన కాళ్ళకింద కంప ఎక్కడుందా అని వెతుక్కున్నాడు. వర్మగారు పరిగెత్తుకుంటూ వచ్చి, హారన్ పీక మార్చి, మళ్ళీ గట్టు మీదికి పరిగెత్తేవారు. ఆ వయసులో ఆ పరుగు ఎందుకండీ అంటే, "ఏం వినబడుతుందో చూడొద్దా!" అనేవారు, అదేదో సినిమా మొదలైపోతున్నట్టు.

పీక సంగతి ఆయన చెప్పిన తీరు నాకింకా గుర్తుంది. యూనిట్‌లో పల్చటి రేకు ఒకటి వణుకుతూ ఉంటుంది. గాలి మరీ తేలిక. విశాలమైన గాల్లో ఆ రేకు ఎంత ఊగినా, విసనకర్ర లేకుండా ఉత్తచేత్తో విసురుకున్నట్టే, దానికి పట్టు దొరకదు. సన్నటి పీక ముందు పెడితే గాలి బిగిసి, నెట్టడానికి దానికి ఏదో ఒకటి దొరుకుతుంది. అక్కడినుంచి హారన్ మెల్లగా వెడల్పవుతూ ఆ బలాన్ని బయటి గాలికి అప్పగిస్తుంది. "అయితే పీక ఎంత సన్నగా ఉంటే అంత మంచిదన్నమాట" అన్నాను నేను, అర్థమైపోయిందన్న ధీమాతో. "అక్కడే అందరూ బోల్తా పడతారండీ" అన్నారాయన. మరీ సన్నటి పీకలోంచి మరీ గట్టిగా అరిపిస్తే గాలే మాట వినదట. శబ్దపు అలలో ఎత్తుగా ఉన్న భాగం ముందుకురికి, పల్లంగా ఉన్న భాగం వెనకబడి, శబ్దం చిరిగిపోతుందట. పోనీ వెడల్పు చేద్దామంటే రేకుకి పట్టు తగ్గి, జోరు పడిపోతుంది. పైగా హల్లుల్లో ఉండే సన్నటి శబ్దాలు టార్చిలైటు వెలుగులా తిన్నగా ఎదురుగా పోతాయి తప్ప పక్కనున్నవాళ్ళకి అందవు. "ఇంతని చెప్పడానికి లేదు. ఎవరికి వినిపించాలి, ఎంత దూరం, ఏం చెప్పాలి, అవి తెలిస్తే గానీ పీక ఎంతుండాలో తెలియదు." ఇంత చెప్పిన మనిషి, తన హారన్లలో అన్నిటికంటే జోరుగా కూసే దానికి మాత్రం అన్నిటికంటే సన్నటి పీక పెట్టి, ఊరంతా చెప్పుకుని మురిసిపోయేవారు. తిరణాలలో, ఎన్నికల ఊరేగింపుల్లో దాని పక్కన ఇంకో మైకు వినబడేది కాదు మరి.

ఆ జోరు హారన్లే కాకినాడ దుకాణం ద్వారా ఉప్పాడ చేరాయి. అక్కడి మత్స్యకారుల సొసైటీ వాళ్ళు, వాతావరణం బాగోలేని రోజున వేటకి పోవద్దని ఒడ్డున చాటడానికి వాటిని కొన్నారు. ఈ సంగతి మాకు తెలియదు. ఒక మధ్యాహ్నం సింహాద్రి అనే పడవ యజమాని షెడ్డు గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండానే, "ఈ మైకులు చేసిన బాబుగారు తవరేనాండీ?" అని అడిగేదాకా.

"ఆయ్, నేనేనండి. రండి, కూర్చోండి."

"కూకోడానికి రాలేదండి. మీ మైకు మా తమ్ముడి పేణం మీదకి తెచ్చిందండి. 'వేటకి వెళ్ళొద్దు' అన్నాడంట మా సొసైటీ గుమస్తా. ఒడ్డున మాకు 'వెళ్ళొచ్చు' అని ఇనబడిందండి."

వెళ్ళొద్దు, వెళ్ళొచ్చు. మొదలంతా ఒకటే, చివర ఒక్క ఒత్తక్షరం తేడా. పల్లెలో సగం పడవలు ఆ మాట విని సముద్రంలోకి వెళ్ళాయి. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. అందరూ ఎలాగో ఒడ్డు పట్టారు కానీ, సింహాద్రి తమ్ముడు అప్పన్న పడవ బోల్తాపడింది. వేరే పడవవాళ్ళు అతన్ని జుట్టు పట్టుకుని పైకి లాగారు. "ఇక మైకు మాట ఇనమని ఊరంతా ఒట్టెట్టుకున్నారండి. మా అమ్మయితే ఆ మైకు మోగితే చెవులు మూసుకుంటుందండి. రేపు తుపాను కాలమండి. అప్పుడు నిజంగా వద్దన్నా ఎవడూ ఆగడండి" అన్నాడు సింహాద్రి. తిట్టడానికి వచ్చిన మనిషి ఆ ఆఖరి మాట దగ్గర ఏడ్చేశాడు.

వర్మగారు మొదట ఒప్పుకోలేదు. "మీ గుమస్తా నోట్లో కిళ్ళీ ఏమైనా ఉందేమో కనుక్కోండి" అన్నారు. అన్నారే గానీ, ఆ రోజు ఆయన మధ్యాహ్నం భోజనం సాయంత్రానికి కూడా అలాగే ఉండిపోయింది. మర్నాడు తెల్లవారకముందే ఇద్దరం కాకినాడ బస్సెక్కి, అక్కడ ఆటో పట్టుకుని ఉప్పాడ వెళ్ళాం.

వెళ్ళి చూస్తే చిక్కు సగం అక్కడే విడిపోయింది. హారన్లు మొదట ఒడ్డున స్తంభానికి కట్టారట. సముద్రం ఆ ఒడ్డుని కోసుకుపోయింది, స్తంభంతో సహా. అందుకని వాటిని లోపలికి, సొసైటీ భవనం డాబా మీదకి మార్చారు. దూరం పెరిగింది కదా అని యాంప్లిఫయర్ మీట ఎంతవరకు తిరిగితే అంతవరకు తిప్పేశారు. వర్మగారు డాబా ఎక్కి, తన హారన్ సన్నటి పీకని చూసి, సముద్రాన్ని చూశారు. నన్ను మైకు ముందు కూర్చోబెట్టి, తను సింహాద్రి తల్లి పోలమ్మగారిని బతిమాలి నీళ్ళ అంచుకి తీసుకెళ్ళారు. ఆవిడ ఏం విన్నదో ఆయన కేకేస్తే, సముద్రం గాలికి డాబా దాకా కొట్టుకొచ్చే ఆ కేకని కింద నిలబడ్డ సింహాద్రి నాకు అందించాలి.

నేను గొంతు సవరించుకుని, "ఈ రోజు వేటకి వెళ్ళొద్దు" అన్నాను. హారన్లు కూశాయి. కాసేపటికి కిందనుంచి సింహాద్రి గొంతు వచ్చింది. "ఎళ్ళొచ్చు అంటన్నారంటండీ అమ్మ." నేను మళ్ళీ అన్నాను, ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త విడదీసి. "ఎళ్ళమంటన్నావు కదమ్మా, అంటందండీ." నా నోటితో నేను వద్దంటున్నాను, ఆ తల్లి చెవికి పొమ్మంటున్నాను. తెలుగులో ఎం.ఏ. చేసిన నేను, ఒక ద్విత్వాక్షరం ఒడ్డుదాకా చేరలేక, ఒక మనిషిని సముద్రంలోకి తోసేయగలనని అప్పుడే తెలిసింది. దాచుకోవడం దేనికి, భయం వేసింది నాకు.

వర్మగారు తడిసిన పంచెతో డాబా మీదికి వచ్చారు. మీట సగానికి తగ్గించి చూడమన్నారు. మాట కాస్త విడివడింది గానీ ఒడ్డుకి అందలేదు. మళ్ళీ పెంచితే అందింది గానీ చిరిగింది. "చూశారా పద్మగారూ, అచ్చులకి ఏం కాదు. అవి లావుపాటివి, ఎలాగో దొర్లుకుంటూ పోతాయి. వాటి చిరుగులే వచ్చి హల్లుల మీద పడి, వాటిని నొక్కేస్తున్నాయి" అన్నారు. తర్వాత సింహాద్రిని, పోలమ్మగారిని పైకి పిలిచి, వాళ్ళ ముందే అన్నారు. "తప్పు నాదేనండి. ఎక్కువ కూయాలని సన్నటి పీక పెట్టాను. కూతే చూసుకున్నాను, మాట చూడలేదు. దీని పీక కొయ్యాలి."

పోలమ్మగారు ఉలిక్కిపడి, "ఎవరి పీకండీ బాబూ?" అంది. అంత బాధలోనూ సింహాద్రితో సహా అందరం నవ్వాం.

ఆయన నిజంగానే కోశారు. హారన్లని విప్పించి భీమవరం తెచ్చి, ఒక్కోదాని సన్నటి కొసని తన చేత్తోనే రంపంతో కోసుకుంటూ వెళ్ళారు, ఆ రంధ్రం వెడల్పై యూనిట్ నోటికి సరిగ్గా సరిపోయేదాకా. మధ్యలో ఎక్కడా మెట్టు లేకుండా, వేలు పెట్టి నిమిరితే జారిపోయేలా నున్నగా రుద్దించారు. జిల్లాలో ఎవరూ మించలేని హారన్ని కోస్తున్న ఆయన మొహం నేను చూశాను. మొదటి కోతకి బాధ ఉంది. రెండోదానికి ఆ బాధ పోయి, ఇప్పుడెలా వినబడుతుందో అన్న ఆత్రం వచ్చింది. జోరు తగ్గిన లోటు పూడ్చడానికి, పక్కలకి కూడా సన్నటి శబ్దాలు అందడానికి, ఒకే దిక్కుకి తిప్పి ఉంచిన హారన్లని ఒడ్డు పొడవునా అందేలా డాబా మీదే తలా ఒక వైపుకి తిప్పి కట్టించాలని నిర్ణయించారు.

రెండోసారి ఉప్పాడలో నేను మైకు ముందు కూర్చున్నప్పుడు, నా గొంతు నాకే కొత్తగా ఉంది. గరగర లేదు. ఇళ్ళలో మగ్గాల దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా పని ఆపి విన్నారట. నీళ్ళ అంచునుంచి కబురు వచ్చింది: వెళ్ళొద్దు. మళ్ళీ అన్నాను: వెళ్ళొద్దు. మూడోసారి అనబోతుండగా పెద్ద కెరటం విరిగింది. "ఏదో అన్నావమ్మా, వద్దో వచ్చో తెలీలేదంటందండీ" అన్నాడు సింహాద్రి.

వర్మగారు డాబా మీదికి వచ్చి నా పక్కన కూలబడ్డారు. హారన్‌తో చెయ్యగలిగిందంతా చేశాననీ, కెరటానికి పీక కోయడం తన వల్ల కాదనీ అన్నారు. ఆయన నోట ఓటమి మాట వినడం నాకదే మొదలు. నేను లేచి నడుచుకుంటూ ఒడ్డుకి పోయి పోలమ్మగారి పక్కన నిలబడ్డాను. ఆ రోజుదాకా ఆవిడ ఏం విన్నదో సింహాద్రి నోటే వింటున్నాను గానీ, ఆవిడతో నేను నేరుగా మాట్లాడలేదు.

"అమ్మా, సముద్రం బాగోలేదని మీకే తెలిసిందనుకోండి. మీ అబ్బాయిని ఆపడానికి ఏమంటారు?"

"ఏటంటానమ్మా? ఈయేళ ఏట లేదురా అంటాను."

వేట లేదు. నేను ఇసకలోనే పరిగెత్తాను, వర్మగారు గట్టు మీద పరిగెత్తినట్టు. లేదు, ఉంది. ఆ రెండు మాటల్లో ఒకదాన్ని ఇంకోటిగా పొరబడే మార్గం లేదు. పైగా 'లే'లో ఆ దీర్ఘం, వర్మగారి భాషలో చెప్పాలంటే, దొర్లుకుంటూ పోయే లావుపాటి అచ్చు. డాబా మీదికెక్కి రొప్పుతూ చెప్తే ఆయన మైకు నా వైపు జరిపి, "అనండి మరి" అన్నారు. నేనన్నాను. కెరటం విరిగింది. కెరటం వెనక నుంచి, సింహాద్రి అందించే పని లేకుండా, పోలమ్మగారి గొంతే నేరుగా డాబా మీదికి వినబడింది: "ఏట లేదంటన్నావు!"

ఆ తుపాను కాలంలోనే సింహాద్రి, అప్పన్న కలిసి షెడ్డుకి వచ్చారు. ఈసారి లోపలికి వచ్చి కూర్చున్నారు. అప్పన్నని అదే మొదటిసారి చూడటం. పల్చగా, సిగ్గరిగా ఉన్న కుర్రాడు. "పడవ సగం నీళ్ళలో ఉండగా మైకు 'ఏట లేదు' అందండి. ఒట్టు సంగతి గుర్తుంది గానీ, మా అమ్మ మాటే మైకులో వచ్చినట్టయిందండి. దిగిపోయానండి. నన్ను చూసి మిగతావాళ్ళూ పడవలు ఎనక్కి లాగేశారండి" అన్నాడు. ఆ రాత్రి సముద్రం ఎలా ఉందో అతను చెప్పలేదు, మేం అడగలేదు. వర్మగారు మాత్రం ఎక్కడ నిలబడ్డావు, గాలి ఏ వైపునుంచి, మొదటిసారికే అర్థమైందా రెండోసారికా అని గుచ్చిగుచ్చి అడిగారు. సమాధానాలన్నీ విని, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకున్నారు. "కూతలో మనల్ని మించినవాళ్ళు వస్తే రానివ్వండి" అన్నారు నాతో.

ఆ మరుసటి ఏడు నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. వర్మగారు కొన్నాళ్ళకి షెడ్డు మూసేశారు, ఇంకొన్నాళ్ళకి లోకం విడిచి వెళ్ళిపోయారు. ఆయన తయారుచేసిన హారన్ ఒక్కటీ నా దగ్గర లేదు. కానీ క్లాసులో ఏటా ఎవరో ఒక అమ్మాయి నేను చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకంగా రాసుకుని కూర్చుంటుంది. నాకు కోపం వస్తుంది. అదే మాట ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త విడదీసి చెప్పాలని గొంతు లేస్తుంది కూడా. ఆపుకుంటాను. మెట్టు దిగి, ఆ అమ్మాయి బెంచీ దాకా నడిచి వెళ్ళి, "నీకేం వినబడిందమ్మా?" అని అడిగి, చెప్పేదాకా అక్కడే నిలబడతాను.